తెలియని ఆమ్లం మోలార్ ద్రవ్యరాశిని టైట్రేషన్‌తో కనుక్కోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో బీఎస్సీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పిల్లల పక్కన నిలబడి వాళ్ల బ్యూరెట్ (క్షారాన్ని చుక్కచుక్కగా వదిలే, గీతలున్న గాజు గొట్టం) రీడింగ్‌లు చూడడం నా రోజువారీ పని. ఏటా ఈ ప్రయోగం దగ్గరికి వచ్చేసరికి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తాయి. నరసన్నపేట, టెక్కలి, ఆమదాలవలస వైపు నుంచి వచ్చే పిల్లలకు సాయంత్రం బస్సు తప్పిపోతుందని టెన్షన్. అడగాలనుకున్నది అడగకుండానే వెళ్లిపోతారు. వాళ్లు ఇంటికెళ్లాక తీరిగ్గా చదువుకోవాలని ఈ జవాబులు రాశాను.

ఈ ప్రయోగంలో మనం నిజంగా కొలిచేది ఏమిటి?

రెండే. తీసుకున్న ఆమ్లం బరువు, దాన్ని పూర్తిగా తటస్థం చేయడానికి పట్టిన క్షార ద్రావణం ఘనపరిమాణం. మోలార్ ద్రవ్యరాశిని, అంటే ఒక మోల్ ఆమ్లం బరువును, నేరుగా కొలవం, ఈ రెండింటి నుంచి లెక్కగడతాం.

మన పలాస జీడిపప్పుతో చెబితే ఇది తొందరగా అర్థమవుతుంది. ఒక పొట్లంలో జీడిపప్పు ఉంది, ఒక్క పప్పు బరువెంతో కావాలి. పొట్లం మొత్తం తూచి, పప్పులు లెక్కపెట్టి, భాగిస్తే సరిపోతుంది. టైట్రేషన్ చేసేది ఆ లెక్కపెట్టే పనే. అణువులను చేత్తో లెక్కపెట్టలేం కాబట్టి, గాఢత తెలిసిన సోడియం హైడ్రాక్సైడ్‌ను పోసి, ఎంత ఖర్చయిందో చూసి లెక్క తేలుస్తాం.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. గుండు జీడిపప్పు రెండు బద్దలుగా విడిపోతుంది. బ్యూరెట్‌కు గుండ్లు కనపడవు, బద్దలే కనపడతాయి. అంటే అది ఆమ్లం అణువులను లెక్కపెట్టదు, అవి వదిలే హైడ్రోజన్ అయాన్లను లెక్కపెడుతుంది. ఒక్కో అణువు ఒక్క అయాన్‌నే వదిలితే రెండు లెక్కలూ ఒకటే. రెండేసి వదిలితే మనకు వచ్చింది బద్ద బరువు, గుండు బరువు దానికి రెట్టింపు. ఆ బద్ద బరువునే తుల్యాంక భారం అంటాం. పిల్లలకు మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

లెక్క ఎలా చేయాలి? ఒక ఉదాహరణ కావాలి.

ముందు క్షారం గాఢత. ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలు 1.576 గ్రాములు తూచి 250 మి.లీ. ద్రావణం చేశాం. రెండు నీటి అణువులతో కలిపి దాని మోలార్ ద్రవ్యరాశి 126.07 కాబట్టి ద్రావణం గాఢత 0.0500 మోలార్, అంటే లీటరుకు 0.0500 మోల్. ఇందులో 20 మి.లీ. పిపెట్ చేసి టైట్రేట్ చేస్తే 20.4 మి.లీ. సోడియం హైడ్రాక్సైడ్ పట్టింది. 20 మి.లీ.లో ఉన్న ఆక్సాలిక్ ఆమ్లం 0.001 మోల్. ఒక్కో అణువుకు రెండు క్షార అణువులు కావాలి కనుక పట్టిన క్షారం 0.002 మోల్. దాన్ని 0.0204 లీటర్లతో భాగిస్తే క్షారం గాఢత 0.0980 మోలార్.

ఇప్పుడు తెలియని ఆమ్లం. 1.876 గ్రాములు తూచి 250 మి.లీ. చేశాం. అందులో 20 మి.లీ. తీసుకుంటే దానిలో ఉన్న ఆమ్లం 0.15008 గ్రాములు. దీనికి పట్టిన క్షారం 20.3 మి.లీ. అంటే 0.0203ను 0.0980తో గుణిస్తే 0.0019894 మోల్. ఇది బద్దల సంఖ్య. 0.15008ని 0.0019894తో భాగిస్తే 75.4 వస్తుంది. ఇది తుల్యాంక భారం.

ఆమ్లం ఏకక్షార ఆమ్లమైతే (ఒక్కో అణువు ఒక్క హైడ్రోజన్ అయాన్‌నే వదిలితే) మోలార్ ద్రవ్యరాశి 75.4, ద్విక్షార ఆమ్లమైతే 150.9, త్రిక్షార ఆమ్లమైతే 226. ఈ మూడింటిలో ఏది నిజమో బ్యూరెట్ చెప్పదు. ఇదే ఉదాహరణకు కింద మళ్లీ వస్తాను, ఈ 75.4ను గుర్తుపెట్టుకోండి.

మి.లీ.ను లీటర్లలోకి మార్చడం మర్చిపోతే జవాబు వెయ్యి రెట్లు తేడాగా వస్తుంది. 0.075 అనో 75,000 అనో వస్తే ప్రయోగాన్ని అనుమానించే ముందు ఈ ఒక్కటీ చూసుకోండి.

సోడియం హైడ్రాక్సైడ్‌ను తూచే కలిపాం కదా, మళ్లీ ఆక్సాలిక్ ఆమ్లంతో సరిచూడడం ఎందుకు?

లీటరుకు 4 గ్రాములు వేస్తే 0.1 మోలార్ వస్తుందన్నది కాగితం మీద నిజం. మన ఊళ్లో వానాకాలంలో వాచ్‌గ్లాస్ మీద ఆ పలుకులు వేసి ఒక్క నిమిషం ఆగి చూడండి. ముందు తెల్లగా, పొడిగా, సాబుదానా గింజల్లా ఉంటాయి. కాసేపటికి పైన మెరుపు వస్తుంది. ఇంకాసేపటికి ఒక్కో పలుకు చుట్టూ సన్నని తడి వలయం ఏర్పడుతుంది. వాచ్‌గ్లాస్ కదిపితే పలుకులు దొర్లవు, అతుక్కుని జారతాయి. త్రాసు మీద అంకె మీ కళ్లముందే పెరుగుతూ ఉంటుంది. సముద్రం దగ్గర ఊరు కాబట్టి గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే, ఆ తేమను ఇది లాగేసుకుంటుంది. మీరు తూచిన 4 గ్రాముల్లో ఎంత క్షారం, ఎంత నీరు అన్నది ఎవరూ చెప్పలేరు.

తేమ ఒక్కటే కాదు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పీల్చుకుని పైపైన సోడియం కార్బనేట్‌గా మారుతుంది. అందుకే దీన్ని ప్రాథమిక ప్రామాణికంగా, అంటే తూచిన బరువును నమ్మి గాఢత లెక్కగట్టే పదార్థంగా, వాడరు. ఉజ్జాయింపుగా తూచి కలిపి, అసలు గాఢతను నమ్మదగిన మరో పదార్థంతో తేల్చుకోవాలి. ఈ పని ప్రయోగం చేసే రోజే చేయండి. పోయిన వారం సీసా మీద రాసిన గాఢతను ఈ వారం వాడకండి.

ఆక్సాలిక్ ఆమ్లం వాడాలా, పొటాషియం హైడ్రోజన్ థాలేట్ వాడాలా?

రెండూ పనికొస్తాయి. మన కాలేజీల్లో ఎక్కువగా దొరికేది ఆక్సాలిక్ ఆమ్లం. థాలేట్ మోలార్ ద్రవ్యరాశి 204.22, పైగా అది ఒక్క హైడ్రోజన్‌నే వదులుతుంది. కాబట్టి అదే ఘనపరిమాణానికి బరువు ఎక్కువ తూచాలి, తూకంలో పొరపాటు వాటా తగ్గుతుంది. తేమను కూడా పెద్దగా పట్టదు. దొరికితే అదే వాడమంటాను.

ఆక్సాలిక్ ఆమ్లం వాడేటప్పుడు స్ఫటికాలను ఒకసారి వెలుగులో చూడండి. గాజుముక్కల్లా పారదర్శకంగా ఉండాలి. పైన తెల్లటి పొడి కట్టి ఉంటే స్ఫటిక జలం కొంత పోయినట్టే, అప్పుడు 126.07 అన్న లెక్క చెల్లదు.

తెలియని ఆమ్లం ఎంత తూచుకోవాలి? మోలార్ ద్రవ్యరాశి తెలియనప్పుడు ఎలా నిర్ణయిస్తాం?

ముందు 0.2 గ్రాములతో ఒక ట్రయల్ చేయండి. ల్యాబ్‌లో ఇచ్చే ఘన ఆమ్లాల తుల్యాంక భారాలు చాలామటుకు 50కి, 130కి మధ్య ఉంటాయి. 50 అయితే 0.1 మోలార్ క్షారం 40 మి.లీ. పడుతుంది, 130 అయితే 15 మి.లీ. ఎలా చూసినా 50 మి.లీ. బ్యూరెట్ సరిపోతుంది. ట్రయల్ రీడింగ్‌ను బట్టి, తర్వాతిసారి 20 నుంచి 25 మి.లీ. పట్టేలా బరువు సవరించుకోండి. 5 మి.లీ.కే అయిపోతే రీడింగ్‌లో చిన్న పొరపాటు కూడా పెద్దదవుతుంది.

సూచికగా, అంటే రంగు మారి ఎప్పుడు ఆపాలో చెప్పే ద్రవంగా, ఫినాఫ్తలీనే ఎందుకు? మిథైల్ ఆరెంజ్ వాడకూడదా?

ఇచ్చిన ఆమ్లం దాదాపు ఎప్పుడూ బలహీన ఆమ్లమే. బలహీన ఆమ్లాన్ని బలమైన క్షారంతో తటస్థం చేస్తే తుల్యబిందువు (ఆమ్లం సరిగ్గా తటస్థమయ్యే చోటు) దగ్గర పీహెచ్ 7 ఉండదు, 8 దాటి ఉంటుంది. ఏర్పడిన లవణం నీటితో చర్య జరిపి కొంచెం క్షార స్వభావం ఇస్తుంది. ఫినాఫ్తలీన్ రంగు మారేది 8.2 నుంచి 10 మధ్య, సరిగ్గా అక్కడే. మిథైల్ ఆరెంజ్ 3.1కి, 4.4కి మధ్యే మారిపోతుంది. అప్పటికి ఆమ్లంలో చాలా భాగం ఇంకా మిగిలే ఉంటుంది. రంగు కూడా టక్కున మారదు, ఎరుపు నుంచి నారింజకు, నారింజ నుంచి పసుపుకు మెల్లగా జారుతుంది. ఎక్కడ ఆపాలో తెలియదు, ఎక్కడ ఆపినా తక్కువే.

ఫినాఫ్తలీన్‌ను 1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేశాడు. నూట యాభై ఏళ్లు దాటినా మన ల్యాబ్ బల్ల మీద దాని చోటు దానిదే. రెండు చుక్కలు చాలు. అది కూడా బలహీన ఆమ్లమే కాబట్టి ఒంపేస్తే అదీ కాస్త క్షారం తాగుతుంది.

గులాబీ రంగు వచ్చి పోతోంది. ఎప్పుడు ఆపాలి?

కుప్పెను కలిపిన తర్వాత లేత గులాబీ రంగు 30 సెకన్లు నిలిస్తే అదే అంత్యబిందువు. ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాల్లో రంగు పోయినా పట్టించుకోవద్దు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి పీహెచ్‌ను కిందికి లాగుతుంది, అందుకే పోతుంది. మళ్లీ చుక్క వేశారంటే మీరు గాలిని టైట్రేట్ చేస్తున్నట్టు.

"లేత" అంటే ఎంత లేత? కుప్పె కింద తెల్ల కాగితం పెట్టండి. రంగు ఉందా లేదా అని పక్కవాళ్లను అడగాలనిపించేంత లేతగా ఉండాలి. తామరపువ్వు రంగు వచ్చిందంటే దాటిపోయారు. చివరి దశలో నేను చుక్కను బ్యూరెట్ మూతికి సగం వేలాడనిచ్చి, కుప్పె అంచుకు తాకించి, డిస్టిల్డ్ నీళ్లతో లోపలికి కడిగేస్తాను. ఆ అరచుక్కతోనే నీళ్లలా ఉన్న ద్రావణం గులాబీకి తిరుగుతుంది. ఇన్నేళ్లయినా ఆ క్షణం దగ్గర నా ఊపిరి ఆగుతుంది.

"ఏటి సార్, రీడింగ్ ప్రతిసారీ మారిపోతంది?"

ఈ మాట వినని బ్యాచ్ లేదు. ముందు కళ్లు ఎక్కడున్నాయో చూడండి. ద్రవం ఉపరితలం కింది వంపుకు కళ్లు సమానంగా ఉండాలి. ఎత్తు తక్కువైన పిల్లలు స్టూలు వేసుకోవాలి, మునివేళ్ల మీద నిలబడి చదవకూడదు. పై రీడింగ్ కింద నుంచి చూసి, కింది రీడింగ్ పై నుంచి చూస్తే రెండు తప్పులూ కలిసి 0.2 మి.లీ. వరకూ తేడా వస్తుంది.

తర్వాత బ్యూరెట్ మూతి చూడండి. కుళాయి కింద గాలిబుడగ ఉంటే అది మధ్యలో బయటికి పోయి, పడని క్షారాన్ని పడినట్టు చూపిస్తుంది. ఇంకొకటి, క్షారం నింపిన గరాటును బ్యూరెట్ మీదే వదిలేయడం. దాని అంచున నిలిచిన చుక్క టైట్రేషన్ మధ్యలో జారుతుంది, రీడింగ్ తగ్గుతుంది. గరాటు తీసేశాకే మొదటి రీడింగ్ రాసుకోవాలి.

వరుసగా రెండు రీడింగ్‌లు 0.1 మి.లీ. తేడాలోపు వచ్చేవరకు చేయండి. మొదటిది ట్రయల్, దాన్ని సగటులో కలపకండి.

నా జవాబు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వచ్చింది. తప్పు ఎక్కడ జరిగి ఉంటుంది? తక్కువ వస్తే?

సూత్రం చూస్తే దిశ తెలుస్తుంది: ఆమ్లం బరువును, క్షారం ఘనపరిమాణం, గాఢతల లబ్ధంతో భాగిస్తున్నాం. బరువు పైన ఉంది, క్షారం ఘనపరిమాణం కింద ఉంది. క్షారం ఎక్కువ పట్టినట్టు కనిపించే ప్రతి తప్పూ జవాబును తగ్గిస్తుంది. బరువును ఎక్కువ చూపించే ప్రతి తప్పూ జవాబును పెంచుతుంది.

జవాబు తక్కువ వచ్చిందంటే అంత్యబిందువు దాటించి ఉంటారు, లేదా గాలిబుడగ, లేదా బ్యూరెట్‌ను నీళ్లతో కడిగి క్షారంతో తొలపకుండా నింపి ఉంటారు. ఆ మిగిలిన నీళ్లతో క్షారం పల్చబడి ఎక్కువ పడుతుంది. శంఖాకార కుప్పెను ఆమ్ల ద్రావణంతో తొలిపినా అంతే, పిపెట్ చేసిన దానికన్నా ఎక్కువ ఆమ్లం లోపల ఉంటుంది. గాఢత తేల్చిన తర్వాత క్షారాన్ని మూత లేకుండా ఉంచితే కార్బన్ డయాక్సైడ్ దాని బలం తగ్గిస్తుంది, అప్పుడూ తక్కువే వస్తుంది.

ఎక్కువ వచ్చిందంటే ఆమ్లం తేమగా ఉండి ఉంటుంది, నీటిని కూడా ఆమ్లంగా తూచారన్నమాట. ఆమ్లం పూర్తిగా కరగకముందే టైట్రేట్ చేసినా, తూచిన కాగితం మీద పొడి మిగిలిపోయినా ఇదే ఫలితం.

శంఖాకార కుప్పెలో డిస్టిల్డ్ నీళ్లు ముందే ఉన్నాయని మాత్రం కంగారు పడకండి. నీళ్లు ఎన్ని ఉన్నా అందులోని ఆమ్లం మోల్‌లు మారవు. దీని కోసం కుప్పెను ఆరబెడుతూ అరగంట పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

డిస్టిల్డ్ నీళ్లు అయిపోయాయి. బోరు నీళ్లతో చేయొచ్చా?

వద్దు. బోరు నీళ్లలో బైకార్బనేట్ ఉంటుంది, అది మీ ఆమ్లంలో కొంత భాగాన్ని బ్యూరెట్ కంటే ముందే తటస్థం చేసేస్తుంది. కాల్షియం కార్బనేట్ లెక్కలో లీటరుకు 300 మి.గ్రా. క్షారత ఉన్న నీళ్లనుకుందాం. 50 మి.లీ. నీళ్లు పోస్తే, అందులోని బైకార్బనేట్ మన క్షారం 3 మి.లీ.కి సమానం. 20 మి.లీ. రీడింగ్‌లో 3 మి.లీ. అంటే ఎంత పెద్ద వాటానో చూడండి.

అది కూడా ప్రతిసారీ ఒకే లెక్కలో పోదు. పుట్టిన కార్బన్ డయాక్సైడ్ కుప్పెలోనే ఉంటే తిరిగి క్షారాన్ని తీసుకుంటుంది, గట్టిగా కలిపితే బయటికి పోతుంది. మీరు కుప్పెను ఎంత ఊపారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. సవరించుకునే దారి కూడా ఉండదు. డిస్టిల్డ్ నీళ్లను సైతం ఒకసారి మరిగించి చల్లార్చి వాడితే మంచిది, నిల్వలో కలిసిన కార్బన్ డయాక్సైడ్ పోతుంది.

ఆమ్లం క్షారత, అంటే ఒక్కో అణువు వదిలే హైడ్రోజన్ అయాన్ల సంఖ్య, ఎలా తెలుస్తుంది? ప్రశ్నపత్రంలో ఇస్తారా?

చాలాసార్లు ఇస్తారు. ఇవ్వనప్పుడు పీహెచ్ మీటర్ కొంత సాయం చేస్తుంది. అర మి.లీ. చొప్పున క్షారం వేస్తూ పీహెచ్ రాసుకుని గ్రాఫ్ గీయండి. మేలిక్ ఆమ్లానికి రెండు ఎగుడు మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి, రెండోది మొదటిదానికి సరిగ్గా రెట్టింపు ఘనపరిమాణం దగ్గర. దాని రెండు పీకేఏ విలువలు (హైడ్రోజన్‌ను ఎంత తేలిగ్గా వదులుతుందో చెప్పే సంఖ్యలు, పెరిగేకొద్దీ ఆమ్లం బలహీనం) సుమారు 1.9, 6.1. మధ్యలో అంత ఎడం ఉంది కాబట్టి మెట్లు విడివిడిగా వస్తాయి.

టార్టారిక్ ఆమ్లానికి ఆ విలువలు సుమారు 3.0, 4.4. మొదటి హైడ్రోజన్ పూర్తిగా పోకముందే రెండోది మొదలవుతుంది, రెండు మెట్లూ కలిసి ఒకే మెట్టుగా కనిపిస్తాయి. గ్రాఫ్‌లో ఒక్క మెట్టే ఉందని దాన్ని ఏకక్షార ఆమ్లం అనేస్తే తప్పు. సిట్రిక్ ఆమ్లమూ అంతే, మూడు హైడ్రోజన్లు ఉన్నా కనపడేది ఒక్క మెట్టే.

ఫార్ములాలో ఉన్న హైడ్రోజన్లన్నీ లెక్కలోకి వస్తాయనుకోవడం ఇంకో తప్పు. ఫాస్ఫారిక్ ఆమ్లంలో మూడున్నాయి, కానీ మూడో దాని పీకేఏ 12 దాటి ఉంటుంది కనుక మామూలు టైట్రేషన్‌లో రెండే తేలతాయి. బోరిక్ ఆమ్లం, అంటే క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడర్, పీకేఏ 9.2 ఉన్న మరీ బలహీన ఆమ్లం. ఫినాఫ్తలీన్‌తో దానికి సరైన అంత్యబిందువు రాదు, గ్లిజరాల్ కలిపి దాన్ని బలపరిస్తేనే వస్తుంది.

సంఖ్య వచ్చింది. ఇక ఆమ్లం పేరు చెప్పేయొచ్చు కదా?

పైన 75.4 గుర్తుపెట్టుకోమన్నాను. టార్టారిక్ ఆమ్లం మోలార్ ద్రవ్యరాశి 150.09, ద్విక్షార ఆమ్లం, బద్ద బరువు 75.04. మనకొచ్చినదానికి దగ్గరే. చాలామంది ఇక్కడే పెన్ను పెట్టి "టార్టారిక్ ఆమ్లం" అని రాసి కింద గీత గీస్తారు.

గ్లైకాలిక్ ఆమ్లం మోలార్ ద్రవ్యరాశి 76.05, ఏకక్షార ఆమ్లం. అదీ 75.4కు దగ్గరే. మన బ్యూరెట్ పొరపాటు ఒక శాతం వరకు ఉండొచ్చు, అంటే నిజమైన విలువ 74.6కి, 76.2కి మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. పీహెచ్ గ్రాఫ్‌లో కూడా ఇద్దరికీ ఒక్క మెట్టే. అడిపిక్ ఆమ్లాన్ని మాత్రం ధైర్యంగా పక్కన పెట్టొచ్చు, దాని బద్ద బరువు 73.07.

తేల్చేది వేరే పరీక్ష. ద్రవీభవన స్థానం చూడండి. గ్లైకాలిక్ ఆమ్లం సుమారు 80 డిగ్రీలకే కరుగుతుంది, టార్టారిక్ ఆమ్లానికి దాదాపు 170 కావాలి. ఫెంటన్ పరీక్ష చేసినా తెలుస్తుంది. ఆమ్ల ద్రావణానికి తాజాగా చేసిన ఫెర్రస్ సల్ఫేట్ చుక్క, హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసి, తర్వాత సోడియం హైడ్రాక్సైడ్ ఎక్కువగా పోస్తే టార్టారిక్ ఆమ్లం ఊదారంగు ఇస్తుంది.

మేలిక్, ఫ్యూమరిక్ ఆమ్లాల సంగతి ఇంకా గట్టిది. రెండిటి మోలార్ ద్రవ్యరాశీ 116.07, రెండూ ద్విక్షార ఆమ్లాలు. బ్యూరెట్ ఎంత మంచిదైనా వాటిని ఘనపరిమాణంతో విడదీయలేదు. నీళ్లలో వేసి చూడండి, మేలిక్ ఇట్టే కరిగిపోతుంది, ఫ్యూమరిక్ అడుగునే కూర్చుంటుంది. కాబట్టి రికార్డులో "తుల్యాంక భారం 75.4, ద్విక్షార ఆమ్లమైతే టార్టారిక్ ఆమ్లానికి సరిపోతుంది, ద్రవీభవన స్థానం దాన్ని బలపరుస్తోంది" అని రాసినవాళ్లకు నేను పూర్తి మార్కులు వేస్తాను.

ఆమ్లం నీళ్లలో కరగకపోతే?

బెంజోయిక్ ఆమ్లంతో ఈ ఇబ్బంది వస్తుంది. దాన్ని ముందు ఆల్కహాల్‌లో కరిగించి, తర్వాత కొంచెం నీళ్లు కలిపి టైట్రేట్ చేయాలి. సీసాలోని ఆల్కహాల్‌కు సొంతంగా కాస్త పులుపు ఉండొచ్చు. అందుకని ఆమ్లం వేయకముందే ఆల్కహాల్‌లో ఫినాఫ్తలీన్ వేసి, లేత గులాబీ వచ్చేవరకు ఒకటి రెండు చుక్కల క్షారం వేసి, ఆ తర్వాతే ఆమ్లం వేయండి. ఆల్కహాల్ దగ్గర బర్నర్ వెలిగించకండి.

ఇంట్లో చింతపండుతో, నిమ్మకాయతో ఈ ప్రయోగం చేయొచ్చా?

టైట్రేషన్ చేయొచ్చు, మోలార్ ద్రవ్యరాశి మాత్రం రాదు. సీతంపేట ఏజెన్సీ చింతపండు తెచ్చి ఒక అబ్బాయి ఇదే అడిగాడు. చింతపండు పులుపులో ముఖ్యమైనది టార్టారిక్ ఆమ్లమే. కానీ రసంలో చక్కెరలు, పీచు, కొంత పొటాషియం లవణం కూడా ఉంటాయి. లెక్కకు కావాల్సింది శుద్ధమైన ఆమ్లం బరువు, మీరు తూచింది మొత్తం గుజ్జు బరువు. ఆమ్లం ఏదో ముందే తెలుసనుకుంటే, లెక్కను తిరగేసి, వంద గ్రాముల చింతపండులో పులుపు ఎంతో కనుక్కోవచ్చు. అది మంచి ప్రాజెక్టు. రసం రంగు గులాబీని కప్పేస్తుంది కాబట్టి బాగా పల్చన చేసుకోవాలి.

కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు అయితే బాగుంటుంది, అది సిట్రిక్ ఆమ్లమే.

ఫినాఫ్తలీన్ లేకపోతే పసుపు వాడొచ్చా?

పెళ్లిలో పారాణి కలపడం చూసే ఉంటారు. పసుపులో సున్నం పడగానే ఎర్రగా మారుతుంది. అదే రసాయన చర్య. పసుపు రంగు మారేది సుమారు 7.4కి, 8.6కి మధ్య. మన తుల్యబిందువుకు దగ్గరే కనుక ఆలోచన తప్పు కాదు. పసుపుపచ్చ నుంచి ఎర్రటి గోధుమరంగుకు మారడం కంటికి అంత పదునుగా అందదు, ఒక మి.లీ. అటూ ఇటూ పోతుంది. స్కూల్ పిల్లలకు చూపించడానికి చాలా బాగుంటుంది. మోలార్ ద్రవ్యరాశికి వద్దు.

జవాబును ఎన్ని దశాంశాల వరకు రాయాలి?

కాలిక్యులేటర్ 150.8798 అని చూపిస్తుంది, అంతా ఎక్కించేస్తారు. బ్యూరెట్‌లో ఒక్కో రీడింగ్‌కు 0.05 మి.లీ. అనుమానం, రెండు రీడింగ్‌లకు కలిపి 0.1. ఇరవైలో 0.1 అంటే అర శాతం. గాఢత తేల్చేటప్పుడు ఇంకో అర శాతం. 151 అని రాయండి, పక్కన ఒకటిన్నర అటూ ఇటూ అని రాయండి.

అందరికీ 64 వస్తే నాకు 70 వచ్చింది. సర్దేయమంటున్నారు. ఏం చేయాలి?

సర్దకండి. దీనికి ఒక సంగతి చెబుతాను. ఒక ఏడాది బ్యాచ్‌కు సిట్రిక్ ఆమ్లం ఇచ్చాం. సీసా మీద నీరు లేని రకం అని ఉంది. మోలార్ ద్రవ్యరాశి 192.12, త్రిక్షార ఆమ్లం, తుల్యాంక భారం 64.04 రావాలి. ఒక అమ్మాయికి 70 వచ్చింది. బ్యాచ్ అంతా 64 దగ్గర రాసింది. రీడింగ్ మార్చుకో, బస్సుకు టైం అవుతోందని స్నేహితులు తొందరపెట్టారు. ఆమె బ్యూరెట్ కడిగి మళ్లీ చేసింది. మళ్లీ 70. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా రికార్డు నా దగ్గరికి తెచ్చింది, 70 అనే రాసి.

నేనూ చేసి చూశాను. నాకూ 70 వచ్చింది. ఆ పొడిని ఒక గ్రాము తూచి ఓవెన్‌లో పెట్టి తీస్తే 0.91 గ్రాములు మిగిలింది. అందులో స్ఫటిక జలం ఉంది. ఒక నీటి అణువుతో ఉండే రకం మోలార్ ద్రవ్యరాశి 210.14, మూడుతో భాగిస్తే 70.05. పాత సీసా ఖాళీ అయ్యాక లేబుల్ మార్చకుండా కొత్త సరుకు నింపేశారు. ఆ రోజు ల్యాబ్‌లో నిజం చెప్పిన రికార్డు ఆమెది ఒక్కటే. మిగతావాళ్లు రాసింది సీసా మీది లేబుల్‌ను, సీసాలో ఉన్నదాన్ని కాదు.

అప్పటినుంచి నేను రీడింగ్‌లను పెన్సిల్‌తో రాయనివ్వను. పెన్నుతో, మొదటిసారే, రికార్డులో. తప్పైతే ఒక గీత కొట్టి పక్కన మళ్లీ రాయాలి, కొట్టేసిన అంకె కనపడాలి.

జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?

పిపెట్‌ను నోటితో పీల్చవద్దు, రబ్బరు బల్బు వాడండి. ఆక్సాలిక్ ఆమ్లం విషపదార్థం. సోడియం హైడ్రాక్సైడ్ చేతికి తగిలితే జారుడుగా, సబ్బులా అనిపిస్తుంది, మంట వెంటనే తెలియదు కాబట్టి తేలిగ్గా తీసుకుంటారు. ధారగా పడే నీళ్ల కింద కడగండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడుగుతూ, ఈలోగా ఆసుపత్రికి ఏర్పాటు చేయండి. బ్యూరెట్ నింపేటప్పుడు దాన్ని స్టాండు మీద కిందికి దించి, మూతిని కళ్లకన్నా కింద ఉంచి పోయండి. కళ్లద్దాలు పెట్టుకోండి.

క్షారం సీసాకు గాజు మూత పెట్టకండి, పట్టేసి ఊడదు. ప్లాస్టిక్ సీసా, ప్లాస్టిక్ మూత మంచివి. పని అయ్యాక బ్యూరెట్‌లో క్షారం వదిలేస్తే గాజు కుళాయి కూడా అలాగే బిగుసుకుపోతుంది, మర్నాటి బ్యాచ్ తిప్పబోతే విరుగుతుంది. మిగిలింది పారబోసి, నీళ్లతో మూడుసార్లు తొలిపి, కుళాయి తెరిచి, తలకిందులుగా స్టాండుకు బిగించి వెళ్లండి.